ఏటవాలు దారం

శంకరన్ వాద్ధియార్ గొడుగు చంకలో ఇరికించుకొని లైను ఇళ్ల సందు మలుపు తిరిగేదాకా రుక్మణి తలుపు రెక్క పట్టుకొని నిలబడింది. పట్టుకోకపోతే గాలికి తలుపు కొట్టుకుంటుంది. పట్టుకుంటే, నిలబడింది గాలికా ఆత్రానికా అని ఎవరూ అడగరు. ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, కోయంబత్తూరు గాలి వల్ల ఇలాంటి చిన్న చిన్న ఉపకారాలు ఉన్నాయి.

వాద్ధియార్ అంటే ఆ వైపు మాస్టారు. ఒకప్పుడు లెక్కలు చెప్పినవారు. ఇప్పుడు మిల్లు కార్మికుల పిల్లల హైస్కూలుకు సెక్రటరీ. సైన్సు టీచరు పనికి రుక్మణిని తీసుకోవడానికి కమిటీ ఒప్పుకుందని చెప్పడానికి వచ్చారు. అయితే ఆ స్కూల్లో కాగితం మీద లేని నియమం ఒకటుంది. పెళ్లయిన ఆడమనిషికి ఉద్యోగం ఇచ్చేముందు ఆ ఇంటి పెద్దావిడ నోట సరే అనిపించుకోవాలి. రెండేళ్లలో ముగ్గురు టీచరమ్మలను వాళ్ల అత్తగార్లు నడి సంవత్సరంలో వెనక్కి పిలిపించుకున్నారు. మూడో ఆవిడ అత్తగారయితే ఏకంగా క్లాసులోకే వచ్చి నిలబడింది. ఆ రోజు పాఠం ఆమ్లాలు, క్షారాలు. ఆ పిల్లలకు ఇప్పటికీ ఆమ్లాలు మాత్రమే వచ్చు.

ఈ ఇంటి పెద్దావిడ పొన్నుత్తాయి. ఇరవై ఏడేళ్లు తూర్పు మిల్లులో నూలు చిలపలు చుట్టే రీలింగు పని చేసి కిందటేడు, 1960లో, ఇంటికి వచ్చిన మనిషి. వాద్ధియార్ మాట్లాడినంతసేపూ కాళ్లు చాపుకొని చేటలో కందిపప్పు ఏరుతూనే ఉంది. చివరికి, "ఆదివారం రాండి. అప్పుడు చెప్తా," అంది. పప్పు ఏరడం మాత్రం ఆపలేదు.

ఆయన పోయాక తల ఎత్తింది.

"ఏందమ్మా నీవు చదివింది?"

"ఫిజిక్సు, అత్తా."

"అది పేరు. పొట్లం లోపల ఏముంది అని అడుగుతుండా."

రుక్మణి తొందరలో నోటికి దగ్గరగా ఉన్న మాట అనేసింది. "వెలుతురు, అత్తా. వెలుతురుకూ కాలానికీ దూరానికీ ఉండే సంబంధం."

"వెలుతురులో చదివేదానికి ఏముంది? పొద్దున వస్తాది, మాపటికి పోతాది." పొన్నుత్తాయి చేట విదిలించింది. "సరి, నాకు అర్థమయ్యేట్ల చెప్పు. అర్థమయితే పోదువు. ఇంట్లో ఉండే ఒక ముసలిదానికే చెప్పలేకుంటే, ఆడ ఇస్కూల్లో నలభై కోతులకు ఏం చెప్పేవు?"

ఈ వాదంలో ఎక్కడైనా చిల్లు ఉందేమోనని రుక్మణి ఆ సాయంత్రమంతా వెతికింది. దొరకలేదు.

ఆమె ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోట రైతు కూతురు. కోయంబత్తూరు హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. పూర్తి చేసింది. పెళ్లయి రెండేళ్లు. ఈ రెండేళ్లలో వంటింటి డబ్బాలను ఐదుసార్లు మార్చి సర్దింది. ఒకసారి ఎత్తు ప్రకారం, ఒకసారి వాడకం ప్రకారం, ఇంకోసారి లోపలి సరుకు సాంద్రత ప్రకారం. ఆ సాంద్రత వారంలో ఉప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి భర్త పెరుమాళ్‌సామికి అరగంట పట్టింది. కాలూ చెయ్యీ ఒకచోట నిలవని మనిషికి రెండు గదుల ఇల్లు ఎన్నాళ్లు సరిపోతుంది? ఈ ఉద్యోగం తప్పిపోతే ఆరోసారి సర్దాలి.

"మా అమ్మకా?" అన్నాడు పెరుమాళ్‌సామి అన్నం కలుపుకుంటూ. అతను తూర్పు మిల్లులోనే, దూది ఏకే కార్డింగు విభాగంలో ఫిట్టరు. "కార్డింగు మిషను ఏం చేస్తాదో చెప్పేదానికి నాకు ఎనిమిదేండ్లు పట్టె. అదీ దూది కాబట్టి. కంటికి కనిపిస్తాది."

"వెలుతురు కంటికి కనిపించదా?"

పెరుమాళ్‌సామి మజ్జిగ అడిగాడు.

సోమవారం రుక్మణి లాంతరు ముందు పెట్టుకొని మొదలుపెట్టింది. "గాజు తుడిచి ఎన్నాళ్లయింది?" అంది అత్తగారు. పాఠం అక్కడితో ముగిసింది. మంగళవారం నేరుగా అసలు విషయంలోకి దిగింది. "వెలుతురు ఒక్క సెకనులో భూమిని ఏడున్నర సార్లు చుట్టి వచ్చేంత దూరం పోతుంది అత్తా."

"ఎందుకంట?"

ఆ ప్రశ్నకు రుక్మణి చదివిన పుస్తకాల్లో జవాబు లేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమెకు దారి దొరికింది. దొరికిందనే అనుకుంది. మిల్లు కూతను ఆ వైపు సంగు అంటారు. వాళ్ల సందుకు తూర్పున ఒక మిల్లు, పడమట ఒక మిల్లు. రెండింటి సంగులూ విని విని ఆ సందులో పసిపిల్లలు కూడా షిఫ్టు ప్రకారమే ఏడుస్తారు. అత్తగారికి ఇంతకంటే తెలిసిన వస్తువు ఏముంటుంది?

"అత్తా, రెండు మిల్లులకూ సరిగ్గా నడిమధ్యలో మీరు నిలబడి ఉన్నారనుకోండి. గాలి లేదు. రెండూ ఒకే వేళకు సంగు ఊదినాయి. మీకు రెండూ ఒకటిగా వినిపిస్తాయి."

"ఆమా," అని ఒప్పుకుంది పొన్నుత్తాయి.

"మన సందులో ఉండే కాళియమ్మ పెద్దమ్మ మీ పక్కనుంచి తూర్పుకు పరిగెత్తుతూ ఉంది."

"అది పరిగెత్తదు. దానికి కాళ్ల వాపు."

"పరిగెత్తిందనుకోండి."

"సరి. కుక్క తరిమింది."

"తూర్పు సంగుకు ఎదురు పోతుంది కాబట్టి పెద్దమ్మకు అది ముందు వినిపిస్తుంది, పడమటిది తరువాత. రెండూ ఒకే వేళకు అని మీరు అంటారు. తూర్పుది ముందు అని పెద్దమ్మ అంటుంది. ఎవరిది సరి?"

పప్పు ఏరుతున్న పొన్నుత్తాయి చేతులు ఆగాయి. "ఎవరిది?"

"ఇద్దరిదీ సరే. ఎవరి వేళ వాళ్లది. లోకానికంతా కలిపి ఒకే గడియారం అనేది లేదు. అదీ అత్తా, నేను చదివింది."

ముసలామె చేట పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అడిగింది. "ఇది నీ పుస్తకంలో ఉందా? అచ్చులో?"

"ఉంది."

"ఇంగ్లీషులో?"

"ఇంగ్లీషులోనే."

పొన్నుత్తాయి లేచి, కొంగు నడుముకు బిగించి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ గాలిలో బయటికి నడిచింది. రుక్మణి గెలిచాననుకుంది. అప్పుడే ఆమెకు కొంచెం అనుమానం రావలసింది. పాఠం అర్థమైన పిల్లలు మామూలుగా కదలకుండా కూర్చుంటారు. అంత వేగంగా బయటికి పోయేవాళ్లకు అర్థమైంది ఇంకేదో.

అదేమిటో సాయంత్రం పెరుమాళ్‌సామి వచ్చి చెప్పాడు. చెప్పేముందు తలుపు గడియ పెట్టాడు.

"అమ్మకు ఏం చెప్పినావు నీవు? కాళియమ్మ ఇంటి వాకిట్లో నిలబడి వీధంతా వినేట్ల అరుస్తుండాది."

సంగతి ఇరవై నాలుగేళ్ల కిందటిది. అప్పట్లో తూర్పు మిల్లు రీలింగులో ఆడవాళ్లకు ఒక మేస్త్రీని పెట్టాలనుకున్నారు. ఏడాది పొడుగునా ఒక్క లేటూ లేని మనిషికి ఆ పని. ఏడాది ముగియడానికి వారం ఉందనగా పోటీలో ఇద్దరే మిగిలారు, పొన్నుత్తాయీ కాళియమ్మా. అది ఆడి నెల. పాలక్కాడు కనుమలోంచి పడమటి గాలి ఊళ్లను తోసుకుంటూ వస్తోంది. పొన్నుత్తాయి ఇల్లు మిల్లుకు పడమట. ఎదురుగాలికి తూర్పు సంగు ఆ వైపుకు రానే లేదు. ఆమె పడమటి మిల్లు సంగు విని లేచి బయలుదేరింది. ఆ మిల్లు గడియారం ఆ మిల్లుది, తూర్పు మిల్లుదానికంటే వెనక. ఆమె పోయేసరికి గేటు మూసేశారు. నాలుగు నిమిషాలు. కాళియమ్మ అప్పుడు మిల్లుకు తూర్పున ఉండేది. ఆమెకు గాలే సంగును తలగడ దగ్గరికి తెచ్చి ఇచ్చింది. మేస్త్రీ పనీ ఆమెకే వచ్చింది.

అరవంలో నేరం అంటే వేళ. తెలుగులో నేరం అంటే తప్పు. మిల్లు గేటు దగ్గర ఈ రెండు భాషలకూ తేడా లేదు.

"ఇప్పుడు అమ్మ ఏమంటుందో తెలుసునా?" అన్నాడు పెరుమాళ్‌సామి. "నాకు సంగు వినపడలేదంటే నా వేళకు సంగు కానే లేదు, నేను లేటే కాదు, మా కోడలి పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో ఉంది అంటుండాది."

రుక్మణి గోడకు ఆనుకొని కూర్చుంది. కూర్చోలేక లేచింది. మంచం కింది నుంచి ట్రంకు పెట్టె లాగి, పెళ్లిచీర కింద ఉన్న పుస్తకం తీసి, అక్కడే మోకాళ్ల మీద చదివింది. పుస్తకంలో రైలూ, రైలుకు రెండు కొసల్లో రెండు దీపాలూ ఉన్నాయి. సంగు ఎక్కడా లేదు. సంగును తనే తెచ్చి పెట్టింది, అత్తగారికి సులువుగా ఉంటుందని. ఇంట్లో కందిపప్పు లేదని అదే సైజు గులకరాళ్లు పోసి సాంబారు కాచినట్టు అయింది.

గురువారం పొద్దున వీధి కొళాయి దగ్గర కాళియమ్మ ఆమె బిందెకు తన బిందె అడ్డం పెట్టింది. కాళ్లు వాచి ఉన్నా, ఇరవై మందిని అదిలించిన గొంతు అలాగే ఉంది.

"ఏమ్మా అమ్మిణీ, నేను మీ అత్త కుర్చీలో కూర్చుంటినంటనే? మేస్త్రీకి కుర్చీ ఎవరిచ్చిరి? ఇరవై ఏండ్లు నిలబడే ఉంటిని. అందుకే ఈ కాళ్లు ఇట్ల."

"పెద్దమ్మా, నేను అన్నది…"

"ఇప్పుడొద్దు. ఆదివారం వాద్ధియారు వస్తాడంట కదా, నేనూ వస్తా. ఆయన ముందర చెప్పు, పొన్నుత్తాయి ఆ దినం లేటు కాదు అని. చెప్పితే నేను ఒప్పుకుంటా. చెప్పకుంటే మీ అత్త ఒప్పుకోవాల." బిందె తీసి దారి ఇచ్చింది. "పట్టుకో, నీళ్లు పోతుండాయి."

ఇంట్లో చూస్తే అత్తగారి ముఖంలో పండుగ. రుక్మణిని కూర్చోబెట్టి, తలకు నూనె పెట్టి, చిక్కు తీసింది. రెండేళ్లలో అది మొదటిసారి. "నీవు పోదువులే, అమ్మిణీ. ఆదివారం నేనే చెప్తా. ఇంత చదువును ఇంట్లో పెట్టుకుంటే పాపం."

సరే అన్న మాట వచ్చేసింది. ఇన్ని రోజులుగా ఏ మాట కోసం కాలు నిలవక తిరిగిందో ఆ మాట. కానీ చిక్కు తీస్తున్న ఆ వేళ్ల కింద రుక్మణి లెక్క వేసుకుంది. ఆదివారం వాద్ధియార్ ముందర అవునంటే, లెక్కలు తెలిసిన ఆ మనిషి ఆమెను ఏ స్కూల్లోకీ రానివ్వరు. కాదంటే, కాళియమ్మ ఎదుట అత్తగారి తల దించినట్టవుతుంది. తన తల దించిన కోడలిని ఆమె ఏ స్కూలుకూ పంపదు. అంతకు ముందే నిజం చెప్పేస్తే, ఈ నూనెకు ఇదే ఆఖరుసారి.

శుక్రవారం ఆమె చెత్త పారబోయడానికి నాలుగుసార్లు బయటికి పోయింది. నాలుగోసారి చేటలో చెత్త లేదు.

"ఆదివారం దాకా గమ్మున ఉండు," అన్నాడు పెరుమాళ్‌సామి. "ఉద్యోగం చేతికొచ్చినాక నిజం చెప్పుకో."

"అందరి ముందర అడిగితే?"

"దగ్గు."

"దగ్గాలా?"

"ఆమా. సూపర్‌వైజరు అడిగినప్పుడంతా నేను పదేండ్లుగా అదే చేస్తుండా. కార్డింగులో ఎవరూ అనుమానపడరు."

రుక్మణికి దూది ధూళి లేదు. దగ్గు రాదు.

శనివారం మధ్యాహ్నం పొన్నుత్తాయి గడప దగ్గర కూర్చొని తెగిన నూలు ముక్కలకు ముడులు వేసి ఉండ చుడుతోంది. మిల్లు నుంచి ఇంటికి వచ్చినా రీలింగు వాళ్ల చేతులు ఇంటికి రావు. రుక్మణి ఎదురుగా కూర్చుంది. ఇంక లేవకూడదని కొంగు కాళ్ల కింద అదిమిపెట్టుకుంది.

"అత్తా, బుధవారం నేను చెప్పింది తప్పు."

"ఏది?"

"సంగు. సంగుకు గాలి కావాలి. గాలి మీదే అది వస్తుంది, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఎదురు పరిగెత్తితే బిరీన వచ్చినట్టు ఉంటుంది, అటు తిరిగి పరిగెత్తితే మెల్లగా. వెలుతురు అలా కాదు. ఎదురుపోయినా, పారిపోయినా, మనల్ని అదే వేగంతో దాటుతుంది."

"అట్లెట్ల అవుతాది? బస్సుకు ఎదురు నడిస్తే బస్సు బిరీన వస్తాది."

"బస్సు వస్తుంది. వెలుతురు రాదు. ఎందరో కొలిచి చూశారు."

పొన్నుత్తాయి ముడి వేస్తూ ఆలోచించింది. "దానికీ ఏదో ఒక గాలి ఉండాల. ఏదీ లేకుండా దేని మీద వస్తాది?"

రుక్మణి ఉలిక్కిపడింది. డెబ్బై ఎనభై ఏళ్ల కిందట పెద్ద పెద్ద గడ్డాలవాళ్లు తలలు బాదుకున్న ప్రశ్న అది. "వాళ్లూ అదే అనుకొని ఆ గాలి కోసం వెతికారు అత్తా. భూమి సూర్యుడి చుట్టూ పరిగెత్తుతుంది కదా, ఎదురుగాలి తగలాలి కదా అని. తగల్లేదు. ఏ దిక్కున కొలిచినా ఒకటే వేగం."

"ఆడి నెలలో కొలిచిరా?"

"అన్ని నెలల్లోనూ."

పొన్నుత్తాయి నూలు ఉండను ఒడిలో పెట్టుకుంది. "అట్లంటే నేను లేటే."

"ఆ రోజు మీరు ఇక్కడ, గేటు అక్కడ. రెండూ నిలకడగా ఉన్నవే. వేళలో తేడా రాదు. మిమ్మల్ని ఆపింది గాలి, అత్తా. కాలం కాదు."

"అది నాకు తెలుసు. గాలి, గాలి అని ఇరవై నాలుగేండ్లుగా నేనే చెప్తుండా. ఎవరూ వినలే." ఆమె వాకిట్లోకి చూసింది. తీగ మీది బట్టలు తెంపుకోవాలన్నట్టు కొట్టుకుంటున్నాయి. "నీ వెలుతురు ఇంగ్లీషులో చెప్తే వింటారేమో అనుకుంటి."

ఉద్యోగం పోయిందని రుక్మణికి తోచింది. అయినా లేవలేదు. పోయేది పోయాక, పాఠమైనా సరిగా ముగిద్దామనిపించింది. తప్పు చెప్పి వదిలేస్తే అదే నిలిచిపోతుంది, ఆ మూడో టీచరమ్మ ఆమ్లంలాగా.

"అసలుది ఇంకొకటుంది అత్తా. చెప్పనా?"

పొన్నుత్తాయి గడప మీద ఆమె వైపుకు జరిగింది.

"మేట్టుపాళయం పోయే రైలు పెట్టెలో మీరు కూర్చున్నారు. పెట్టె నేల మీద దీపం. సరిగ్గా దాని పైన, కప్పుకు ఒక అద్దం. దీపం ఒక్కసారి మిణుక్కుమంది. ఆ వెలుతురు నేరుగా పైకి పోతుంది, మీ కళ్లకు." రుక్మణి నూలు కొస తీసుకొని గుమ్మం మీది మేకుకు కట్టింది. దారం కిందికి, గడప మీదికి, తిన్నగా జారింది. "ఇదీ దాని దారి. పెద్దమ్మ ప్లాట్‌ఫాం మీద ఉంది."

"ఉండనీ. దానికి రైలంటే వాంతి."

"రైలు కదులుతోంది. వెలుతురు బయలుదేరిన చోటు ఈ గడప. అది కప్పుకు చేరేలోపల అద్దం ముందుకు జరిగిపోయింది. పెద్దమ్మ కళ్లకు ఆ వెలుతురు పోయిన దారి ఎలా ఉంటుంది?"

మేకు కదలదు కాబట్టి పొన్నుత్తాయి దారం కింది కొస పట్టుకొని గడప పొడుగునా పక్కకు లాగింది. దారం చాలలేదు. ఉండలోంచి ఇంకొంచెం వదిలింది. బెత్తెడు దూరం పోయాక చూసుకొని, ఇంకో బెత్తెడు పోయింది. ఇప్పుడు దారం మేకు నుంచి గడప చివరకు ఏటవాలుగా బిగిసి ఉంది.

"నూలు ఎక్కువ పట్టె," అంది.

"వెలుతురు వేగం?"

"అది మారదంటివి కదా."

"మారదు. మీకూ అదే, పెద్దమ్మకూ అదే. లోకంలో ఎవరికీ మారనిది అదొక్కటే."

పొన్నుత్తాయి ఒక చేత్తో ఏటవాలు దారం పట్టుకొనే, రెండో చేత్తో గాలిలో రీలు తిప్పినట్టు వేలు తిప్పుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై ఏడేళ్లు చిలపలు చుట్టిన చెయ్యి తన లెక్క తను వేసుకుంటోంది.

"రీలు వేగం అదే. నూలు పొడుగు. అట్లంటే కాళి లెక్కకు ఎక్కువసేపు పట్టాల. నా లెక్కకు తక్కువసేపు."

"అంతే అత్తా."

"ఒకే వెలుతురుకు."

"ఒకే వెలుతురుకు."

"వేగం మారనంటే, సేపే మారాల. వేరే దోవ లేదు దానికి." తనలో తను అనుకుంది. "అట్లంటే కాళి నిలబడి చూస్తే, రైల్లో ఉండే నా గడియారం మెల్లగా నడుస్తాది."

రుక్మణికి ఈ ముక్క ఎక్కడానికి హాస్టల్లో రెండు నెలలు పట్టింది, అదీ టీచరు రెండుసార్లు తిట్టాక. ఊరికే తల ఊపింది.

"ఉండు. నేను కిటికీలోంచి చూస్తే? నాకు కాళే కదా వెనక్కి పోతుండేది. దాని చేతిలో ఒక దీపం ఉంటే దాని దారం నాకు ఏటవాలు. దాని గడియారమూ నాకు మెల్లగా ఉంటాదా?"

"ఉంటుంది."

"ఇద్దరమూ ఒకరినొకరు, నీవే మెల్లగా ఉండావు అనుకుంటామా?"

"అనుకుంటారు. రైలు అలాగే పోతున్నంతసేపూ ఇద్దరిదీ సరే."

"దానికి రైలెందుకు," అంది పొన్నుత్తాయి. "ఇప్పుడూ మేము అదే చేస్తుండాము."

రుక్మణి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అత్తగారు నవ్వలేదు. "మేట్టుపాళయం రైలుకు ఎంత తేడా వస్తాది?"

ఇక్కడ కొంచెం పెంచి చెప్పవచ్చు. చెప్పాలనీ అనిపించింది. "నూరేళ్లు ఆ రైల్లోనే కూర్చున్నా, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా రాదు అత్తా. మన ఇళ్లలో ఉండే గడియారం ఏదీ దాన్ని పట్టలేదు."

"అయినా ఉంటాది."

"ఉంటుంది."

పొన్నుత్తాయి మేకు మీది ముడి విప్పి నూలు చుట్టుకుంటూ లోపలికి పోయింది. రేపటి మాట ఎత్తలేదు. రుక్మణి కూడా అడగలేదు. అడిగే ధైర్యం కోసం నూలు ఉండ చుట్టడం అయిపోయేదాకా చూసింది. ఉండ అయిపోయింది, ధైర్యం రాలేదు.

ఆదివారం నాలుగు గంటలకు వస్తానని చెప్పిన వాద్ధియార్ నాలుగింటికే వచ్చారు. కాళియమ్మ మూడున్నరకే వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకొని ఉంది. పెరుమాళ్‌సామి గోడవార నిలబడి, అవసరం పడుతుందేమోనని ఒకటి రెండుసార్లు మెల్లగా దగ్గి చూసుకున్నాడు.

"వాద్ధియారే, ముందు మా వ్యాజ్యం," అని కాళియమ్మ మొదలుపెట్టింది. "ఈ అమ్మిణి…"

"ఉండవే, కాళీ." పొన్నుత్తాయి లోపలి నుంచి వచ్చి చాప మీద కూర్చుంది. "బుధవారం అన్న మాట వెనక్కి తీసుకుంటుండా. ఆ దినం నేను లేటే. నా కోడలు లెక్క వేసి చెప్పె. వెలుతురుకూ దానికీ సంబంధం లేదు. అది గాలి."

ఇంత సులువుగా గెలుస్తానని కాళియమ్మ అనుకోలేదు. తెచ్చుకున్న మాటలన్నీ ఒడిలో మిగిలిపోయినట్టు కాసేపు చూసింది.

"గాలి అని నాకు తెలియదా?" అంది చివరికి. "ఆ వారమంతా సంగు మా ఇంట్లోనే ఊదినట్ల ఉండె. మీ వైపుకు వచ్చిండదు అని ఆ దినమే అనుకుంటి."

"అనుకొంటివి. ఇన్నేండ్లు చెప్పలేదే."

"నీవు అడిగితివా? తిట్టితివి."

పొన్నుత్తాయి తమలపాకు పళ్లెం కాళియమ్మ వైపు ఒక జానెడు తోసింది. కాళియమ్మ ఆకు తీసుకొని ఈనె గిల్లింది. వాద్ధియార్‌కు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ ఆయన చాలా కమిటీల్లో కూర్చున్న మనిషి, అర్థం కానప్పుడు కళ్లజోడు తుడుచుకోవడం తెలుసు. తుడుచుకున్నారు.

"అయితే అమ్మా, మీ మాట?" అన్నారు.

రుక్మణి తలుపు వెనక ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారింది.

"ఇస్కూలుకు ఎన్ని గంటలకు రావాల?" అంది పొన్నుత్తాయి.

"తొమ్మిదిన్నరకు."

"ఎవరి గడియారం?"

వాద్ధియార్‌ను ఇంతవరకు ఏ అత్తగారూ ఇది అడగలేదు. "హెడ్మాస్టరు గారి చేతి గడియారం."

"ఆయన కూర్చొని ఉంటాడా, తిరుగుతుంటాడా?"

"తిరుగుతూనే ఉంటారు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు."

"అట్లంటే మేలు," అంది పొన్నుత్తాయి. "తిరిగే గడియారం మెల్లగా నడుస్తాది. మా అమ్మిణికి కొంచెం వెసులుబాటు."

వాద్ధియార్ కళ్లజోడు పెట్టుకొని తలుపు వైపు చూశారు. రుక్మణి బయటికి రాక తప్పలేదు. "తేడా చాలా చాలా తక్కువ, సార్," అంది. "ఉన్నట్టే తెలియదు."

"ఎంత తక్కువయినా మన పక్కనే కదా ఉండాది," అంది అత్తగారు. ఆ తరువాత వాద్ధియార్ వైపు తిరిగింది. గొంతు మారింది. "రేపటి నుంచి పంపిస్తా. ఒక్కటి మాత్రం. ఇది ఏ దినమయినా లేటయితే, లోపలికి పిలిచి తిట్టండి. బయట నిలబెట్టి గేటు మూయొద్దు. పిల్లకాయలకూ మూయొద్దు."

వాద్ధియార్ లెక్కలు చెప్పిన మనిషి. మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. అందులో తప్పేమీ కనపడలేదు.

"మూయమమ్మా," అన్నారు.